బాల్కనీ వద్దన్నాను

మార్చి 2
ఓడ ప్రయాణం ఖాయమైంది. జూన్‌లో ఏడు రోజులు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఓడ ఎక్కలేదు. అబ్బాయికి ప్రమోషన్ వచ్చింది, ఆ సంబరం. అమ్మకూ నాన్నకూ బాల్కనీ ఉన్న ప్రీమియం క్యాబిన్ తీసుకుంటానన్నాడు. బాల్కనీ వద్దన్నాను. కిటికీ కూడా లేని లోపలి గది చాలన్నాను. సముద్రం మీదికి పోయి నాలుగు గోడలు చూస్తావా అమ్మా, అన్నాడు. గోడలకేం, కదలకుండా ఉంటాయన్నాను.

మార్చి 3, మధ్యాహ్నం
నిజం ఇక్కడైనా రాసుకోవాలి. ఆయన మరిచిపోతున్నారు. కళ్ళజోడు, తాళంచెవులు కాదు. పోయిన నెల పద్నాలుగున, పిల్లలు ఆఫీసుల్లో ఉండగా, ఇంటికి వెళ్ళాలంటూ మా ఇంట్లోంచే బయలుదేరారు. రెండు వీధుల అవతల మందుల షాపు మెట్ల మీద దొరికారు. అప్పటినుంచి మూసిన తలుపు కనబడితే చాలు, గడియ తీస్తున్నారు. ఓడలో బాల్కనీ తలుపు తీస్తే అవతల వీధి ఉండదు.

పిల్లలకు చెప్పలేదు. చెబితే ప్రయాణం మానేస్తారు. ఆయన వంక జాలిగా చూస్తారు. అది నేను చూడలేను.

మార్చి 6
మనవరాలు ఫోన్‌లో క్యాబిన్ల ఫొటోలు చూపించింది. సూట్‌లో బాత్‌టబ్, రెండు టీవీలు, పిలిస్తే కాఫీ తెచ్చే మనిషి. మా ఆడిట్ నానమ్మ ఓడెక్కితే ఆ కాఫీ మనిషి కూడా రోజూ రిజిస్టర్‌లో సంతకం పెట్టాల్సిందే, అంది. ఆయన పగలబడి నవ్వారు. నవ్వడం మాత్రం ఏమీ మరిచిపోలేదు.

అబ్బాయి మొహం ముడుచుకున్నాడు. ఒక్కసారైనా నన్ను ఖర్చు పెట్టనీవా, అన్నాడు. పిసినారినన్న పేరు నాకెలాగూ ఉంది. దాని వెనకే దాక్కున్నాను.

మార్చి 9
బుకింగ్ ఫారం వచ్చింది. ఇంట్లో ఫారాలన్నీ నేనే నింపుతాను. పదకొండో గడి: ప్రయాణికుల్లో ఎవరికైనా జ్ఞాపకశక్తికి సంబంధించిన ఇబ్బంది ఉందా?

నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడాను. కాగితం మీద చేయి కదల్లేదు. ముప్పైనాలుగేళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేసిన చేయి. ఆ గడి వదిలేశాను.

మార్చి 10
కోడలు ఫారం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అత్తయ్యా, పదకొండో గడి ఖాళీగా ఉంది, అంది. మరిచిపోయానన్నాను. మీరా, అంది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఏదో ఫారంలో ఒక గడి వదిలేస్తే, రాయడానికేం లేకపోతే గీతైనా కొట్టాలి, ఖాళీ గడి అంటే దాచిన సంగతి అని నాకు గంటసేపు క్లాసు పీకారు కదా, అంది. నేను నేర్పిన విద్య నా మీదే ప్రయోగించింది.

స్టవ్ కట్టేసి, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. మీరెవరి అమ్మాయండీ అని మామయ్య నన్ను రెండుసార్లు అడిగారు, అంది. జనవరిలోనేనట. మీరే చెబుతారని ఆగానంది. అబ్బాయికి తెలుసా అన్నాను. తెలియదు, ఇద్దరం కలిసి చెబుదాం, అంది.

కళ్ళు తుడుచుకున్నాను. నెపం పెట్టడానికి దగ్గర్లో ఉల్లిపాయైనా లేదు.

నువ్వు ఈ ఇంటికి రావడం మా అదృష్టమే అన్నాను. పదహారేళ్ళలో ఒక్కసారీ అనని మాట. జ్వరమొచ్చిందా అత్తయ్యా, అంటూ నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది.

మార్చి 11
అబ్బాయి అంతా విన్నాడు. డబ్బు కోసం వద్దంటున్నావనుకున్నానమ్మా, అన్నాడు. అదీ కొంత ఉందిలే అన్నాను. అప్పుడు నవ్వాడు. తర్వాత లేచి వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన ఊరికే కూర్చున్నాడు.

కోడలు బుకింగ్ ఆఫీసు అమ్మాయితో నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో తలుపున్న రెండు గదులు తీసుకున్నాం. మా గదికి గోడంత కిటికీ, తెరుచుకోదు. బాల్కనీ వాళ్ళ గదికి, దాని తాళం కోడలి దగ్గర. నేనడిగిన గదికి మూడు రెట్లు ధర. నోరెత్తలేదు.

పదకొండో గడిలో నా చేత్తోనే రాశాను: ఉంది.

జూన్ 8, ఉదయం 6.10
బాల్కనీలో ఆయనకు ఒక పక్క నేను, ఒక పక్క అబ్బాయి. ఇన్ని నీళ్ళు ఎవరివి అని అడిగారు. ఇంకో ఆరు రోజులు మనవే అన్నాను.