కుడివైపు దొంతర

మావయ్యకి నమస్కారాలు.

మేమంతా కులాసా. ఫోన్లో మాట్లాడితే నువ్వు ప్రతిదానికీ "ఊఁ" అంటావు, విన్నావో లేదో తెలియదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీ మెడికల్ కాలేజీకి దరఖాస్తు పంపాను. అక్కడి అనాటమీ స్టోరులో ఇన్నేళ్ళుగా పని చేస్తున్నావు, ఎలాంటివాళ్ళకి సీటొస్తుందో నీకు తెలియకుండా ఉండదు. నా సంగతి దాచకుండా చెబుతాను. మార్కులు మధ్యరకం. ఆటల్లో ఒక సర్టిఫికెట్ ఉంది, పరుగు పందెంలో మూడో బహుమతి. పరిగెత్తింది ముగ్గురమేనని అందులో రాయలేదు. సమాజసేవ అన్నచోట రక్తదాన శిబిరంలో కుర్చీలు వేశానని రాశాను. ఫిజిక్సు మాస్టారు ఇచ్చిన సిఫారసులో "ఈ అమ్మాయి క్రమం తప్పకుండా తరగతికి వచ్చేది" అని మాత్రమే ఉంది. ఇంకేమైనా రాయండి సార్ అని బతిమాలితే, చాలాసేపు ఆలోచించి "వచ్చి కూర్చునేది" అని దిద్దారు.

ఇలాంటిదానికి సీటొచ్చే ఆశ ఏమైనా ఉందా? ఈసారి రాకపోతే నాన్న నన్ను కొరియర్ ఆఫీసులో చేర్చేస్తానంటున్నారు. అక్కడ పార్సిళ్ళు తూచడానికి మనిషి కావాలట. నాకు మాత్రం డాక్టరునే కావాలని ఉంది మావయ్యా. అత్తయ్య ఉంటే ఈ మాట ఆవిడకే చెప్పుకునేదాన్ని. "నీ మొదటి పేషెంటుని నేనే, రెండో పేషెంటు సంగతి నువ్వు చూసుకో" అనేది ఎప్పుడూ. పోయినేడాది పోతూ పోతూ ఒంటిని మీ కాలేజీకే రాసిచ్చి వెళ్ళింది. ఆవిడకి వచ్చినంత సులువుగా నాకు అక్కడ చోటు దొరికేలా లేదు.

ఇట్లు,
నీ మేనకోడలు పిచ్చిక

తా.క. దరఖాస్తు మీద ఫోటోలో నా కళ్ళు మూసుకుపోయాయి. దానివల్ల ఏమైనా నష్టమా?

*

పిచ్చికకి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సరైన మనిషినే అడిగావు. మంచి మార్కులవాళ్ళ దరఖాస్తులు ఆఫీసు బీరువాలో ఉంటాయి. అసలు మార్కులే రానివాళ్ళవి ఆఫీసు వెనక ఉంటాయి. మధ్యరకం వాటికి ఎక్కడా చోటు లేక మా స్టోరుకి పంపుతారు. ఎముకల పెట్టెలకీ గాజు జాడీలకీ మధ్యనున్న పొడవాటి రాతిబల్ల మీద పెడతారు. గుమాస్తా చెప్పిన ప్రకారం, కుడివైపు దొంతర సీటిచ్చేవాళ్ళది, ఎడమవైపుది "చింతిస్తున్నాము" అని ఉత్తరం వెళ్ళేవాళ్ళది.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది, ఎవరితోనూ అనకు. సాయంత్రం నేను తాళం వేసేటప్పుడు దరఖాస్తులన్నీ ఒకే కుప్పగా ఉంటాయి. పొద్దున తాళం తీసేసరికి చక్కగా రెండు దొంతరలై ఉంటాయి. ఎంపిక చేసే డాక్టర్లు ముగ్గురు. మొదటాయన వచ్చి, మిగతా ఇద్దరూ చూసేశారనుకుని సంతకం పెడతారు. రెండో ఆవిడా అంతే. మూడో ఆయనకి జాడీలంటే భయం, గబగబా సంతకం పెట్టి వెళ్ళిపోతారు. ఎవరు విడదీశారని అడిగిన నాథుడు లేడు. నేనూ అడగను. నాకింకా సర్వీసు ఉంది.

నీ దరఖాస్తు ఎడమవైపు కనపడింది. తీసి కుడివైపు పెట్టేశాను. మావయ్య అనేవాడు ఉన్నందుకు ఆమాత్రమైనా చెయ్యకపోతే ఎలా?

మీ అత్తయ్య పక్క గదిలోనే, మందు నీళ్ళ తొట్టిలో ఉంది. మధ్యాహ్నం ఆ తలుపు దగ్గర కూర్చునే డబ్బాలో అన్నం తింటాను. ఇంట్లో ఆవిడ మాట్లాడుతుంటే నేను తినేవాణ్ణి. ఇప్పుడు తినడం, మాట్లాడడం రెండూ నేనే చెయ్యాల్సి వస్తోంది. అన్నం చల్లారిపోతోంది.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. కళ్ళు మూసుకున్నవాళ్ళని మా స్టోరులో ఎవరూ తప్పు పట్టరు.

*

మావయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి భయమూ వేసింది, సంతోషమూ వేసింది. ఏది ఎక్కువో చెప్పలేను. దొంగచాటుగా కాయితాలు మార్చడం తప్పు మావయ్యా, నీ ఉద్యోగం పోతుంది. ఇంకెప్పుడూ అలా చెయ్యకు. ఎలాగూ చేసేశావు కనక, గాలికి ఎగిరిపోకుండా దానిమీద ఏదైనా బరువు పెట్టు.

ఆ దొంతరలు విడదీస్తున్నది గుమాస్తానేమో చూడు. ఆఫీసుల్లో దయ్యాల కంటే గుమాస్తాలే ఎక్కువ ఉంటారని నాన్న అంటారు.

ఇట్లు,
పిచ్చిక

తా.క. ఇంతకీ ఆ గదికి రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

*

పిచ్చికకి ఆశీస్సులు.

రెండో తాళంచెవి లేదు. గుమాస్తా కాదు, వాడు సొంత బల్లే సర్దుకోడు.

నువ్వు చెప్పినట్టే నీ దరఖాస్తు మీద బరువు పెట్టాను. అందుబాటులో ఉన్నది ఒక కింది దవడ ఎముక. పొద్దున చూస్తే నీ కాయితాలు మళ్ళీ ఎడమవైపు ఉన్నాయి, వాటిమీద అదే దవడ ఉంది. నాకు ఒళ్ళు మండి మళ్ళీ కుడివైపుకి మార్చాను. మర్నాడు మళ్ళీ ఎడమే. ఇలా కొన్నాళ్ళు ఇద్దరం పంతానికి పోయాం. చివరికి నిన్న నీ కాయితాలకి ఒక గుడ్డపీలిక చుట్టి ముడేసి ఉంది.

ఆ ముడి నాకు తెలుసు. కుట్టిన బట్టలు ఇచ్చేటప్పుడు మీ అత్తయ్య అలాగే కట్టేది, ముడి చెవులు రెండూ లోపలికి దోపి. ఇరవయ్యేళ్ళ కాపురంలో నేను పెట్టిన కళ్ళజోడు పెట్టినచోట ఉండనిచ్చిన మనిషి కాదు. పోయాక మాత్రం ఎందుకు ఊరుకుంటుంది?

బాధపడకు గానీ పిచ్చికా, నువ్వు డాక్టరు కావడం ఆవిడకి ఇష్టం లేనట్టుంది. కుట్టుమిషను సూది ఆవిడ చూపుడువేలి గోట్లోంచి దిగినప్పుడు నువ్వు కట్టు కట్టావు, గుర్తుందా? పక్క వేలికి కట్టావు. ఆవిడ నవ్వి ఆ కట్టుతోనే తిరిగింది, దెబ్బ తగిలిన వేలికి గాలి తగులుతోందిలే అంటూ. గోరు రెండుగా చీలే మొలిచింది. నవ్వింది గానీ మనసులో పెట్టుకుందేమో.

ఇట్లు,
మావయ్య

తా.క. తొట్టి గది తలుపు దగ్గర నిలబడి గట్టిగానే కేకలేశాను. సరిగ్గా అప్పుడే మూడో డాక్టరుగారు వచ్చారు. ఆయన ఆ రోజు సంతకం గుమ్మం బయటే పెట్టారు.

*

మావయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం పట్టుకుని మేడమీదకి వెళ్ళి ఏడ్చాను. అప్పుడు నేను ఒకటో తరగతి. చెయ్యంతా రక్తమే, ఏ వేలో ఎలా తెలుస్తుంది? అయినా అత్తయ్య వద్దనుకుంటే వద్దులే. ఆవిడకి నామీద నమ్మకం లేకపోతే, ముక్కూ మొహం తెలియని రోగులకి మాత్రం ఎందుకుంటుంది?

నా కాయితాలు ఇక ముట్టుకోకు. ఆవిడ ఎక్కడ పెడితే అక్కడే ఉండనీ. ఆవిడ మీద కేకలెయ్యకు, బతికుండగా వేసినవి చాలు. సోమవారం నుంచి పార్సిళ్ళు తూచడానికి వెళ్తాను.

ఇట్లు,
పిచ్చిక

తా.క. కొరియర్ ఆఫీసులోనూ ఫోటో అడిగారు. ఈసారి కళ్ళు గట్టిగా తెరిచాను. చూసినవాళ్ళు ఏమైందమ్మా అని అడుగుతున్నారు.

*

పిచ్చికకి ఆశీస్సులు.

పార్సిళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి కూర్చుని ఇది చదువు. నీకు సీటొచ్చింది.

నువ్వు చెప్పాక నేను ముట్టుకోలేదు. చివరి రోజున నీ కాయితాలు ఎడమవైపే ఉన్నాయి. ఆ దొంతరనే గుమాస్తా ఎత్తుకుని సీట్ల జాబితా రాయడం మొదలెట్టాడు. అదేమిట్రా అంటే, డాక్టర్లు ముందు తలుపులోంచి వచ్చి బల్లకి ఆ వైపున కూర్చుంటారు, వాళ్ళ కుడి ఇదే కదా అన్నాడు. నేను ఇన్నేళ్ళూ వెనక తలుపులోంచే వస్తున్నాను. నా కుడి వాళ్ళ ఎడమని నాకు తట్టలేదు. నీ కాయితాలని రోజూ పనిగట్టుకుని చెత్తలోకి తోసింది నేను. రోజూ బయటికి లాగింది ఆవిడ. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంకో సంగతి. మొదటి ఏడాదిలోనే శవాలతో పాఠం ఉంటుంది. నువ్వు బెదిరిపోకుండా, మీ అత్తయ్యని అవతలి హాల్లో సీనియర్లకి కేటాయించి జాబితా నా చేత్తో రాసి గోడకి అంటించాను. నువ్వు ఆవిణ్ణి చూడాల్సిన పని ఉండదు. ఎముకల పెట్టెలు ఎత్తి నాకు నడుం పట్టేసింది. సెలవు పెట్టి మీ అమ్మ దగ్గరికి వస్తున్నాను. నువ్వు ఇటు బయల్దేరు.

ఇట్లు,
మావయ్య

తా.క. తలుపు దగ్గర నిలబడి క్షమించమన్నాను. పోయిందనుకున్న నా కళ్ళజోడు మర్నాడు డబ్బా మూత మీద ఉంది. అద్దాలు తుడిచి కూడా ఉన్నాయి.

*

మావయ్యకి నమస్కారాలు.

నీ నడుం ఎలా ఉంది? అమ్మని విసిగించకుండా కదలకుండా పడుకో. ఈ ఉత్తరం కూడా పడుకునే చదువు.

ఈరోజు మొదటిసారి హాల్లోకి వెళ్ళాం. అందరం కొత్త తెల్లకోట్లు వేసుకున్నాం, ఎవరి మొహంలోనూ రక్తం లేదు. ప్రొఫెసరుగారు జాబితా చూసి, నన్ను కిటికీ పక్క బల్ల దగ్గరికి పంపారు. మొహం మీద గుడ్డ కప్పి ఉంది. ఒక చెయ్యి మాత్రం బయటికి ఉంది. చూపుడువేలి గోరు రెండుగా చీలి ఉంది.

నేను కదల్లేదు. ప్రొఫెసరుగారు వచ్చి, తెలిసినవాళ్ళా అని మెల్లగా అడిగారు. మా అత్తయ్య అన్నాను. ఆయన కంగారుపడి, ఈవిడ అవతలి హాల్లో ఉండాల్సింది కదా, జాబితా ఎవరు మార్చారని గుమాస్తాని అడిగారు. గుమాస్తా మీరే మార్చారనుకున్నానన్నాడు. నన్ను వేరే బల్లకి వెళ్ళమన్నారు. నేను వెళ్ళనన్నాను. నా మొదటి పేషెంటుని తనేనని ఆవిడ ఎప్పుడో అంది, సీటిప్పించిన మనిషిని వదిలి ఎలా వెళ్తాను?

నాకు భయం వేసింది మావయ్యా, అబద్ధం చెప్పను. కానీ ఆ చెయ్యి పట్టుకున్నాక తగ్గింది. చాలా చల్లగా ఉంది. ఇక్కడ జాబితాలు మార్చింది నువ్వేనా అని అడగను. నువ్వు వారం నుంచి మా ఇంట్లో మంచం మీదే ఉన్నావని అమ్మ చెప్పింది.

ఇట్లు,
నీ పిచ్చిక

తా.క. ఆ చేతికి ఒక గుడ్డపీలిక కట్టి ఉంది, చెవులు రెండూ లోపలికి దోపి. చూపుడువేలికి కాదు, పక్క వేలికి.