ఫ్రిజ్ గది తాళంచెవి

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నా కోపమొక్కటే ఇంకా దిగలేదు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. నాన్న మోకాలు నయం. నీ మొక్కలు బతికే ఉన్నాయి. శిక్షణకు వెళ్లినచోట నువ్వు నేర్చుకుంటున్న ఎక్స్‌రే మిషను గురించి రాసింది రెండుసార్లు చదివాను. రోగులకెక్కించే రక్తానికి అదీ కిరణాలు పట్టిస్తుందనీ, స్విచ్చి ఆపితే ఉత్త ఇనప్పెట్టేననీ, మీకూ ఒకటి కొనాలన్న కాగితం మీ సూపరింటెండెంటు బల్ల దాటలేదనీ అర్థమైంది. మరి మీ ఆసుపత్రిలో ఉన్న పాతదాంట్లో సీసియమనే రేడియోధార్మిక లోహం ఉందనీ, అది ఆపితే ఆగేది కాదనీ, దొంగ చేతిలో పడితే ఊరంతటికీ ముప్పనీ ఇప్పుడా రాయడం? ఇన్నాళ్లూ "మా గదిలో పెద్ద ఫ్రిజ్ ఉందమ్మా" అన్నావు. నేను నమ్మి, "నీ మధ్యాహ్నం డబ్బా అందులో పెట్టుకోవే, పాడవదు" అని కూడా అన్నాను!

నీ తెల్లకోటు ఉతకబోతే జేబులో దొరికిన తాళంచెవి ఆ గదిదేనన్నావు. "ఎవరికీ చెప్పకుండా మేకుకు తగిలించి వచ్చెయ్యమ్మా, తెలిస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నావు. వెళ్లాను. తగిలించలేదు. అరువు తెచ్చిన గిన్నెనైనా మనిషి చేతికిచ్చి లెక్క రాసుకునేదాన్ని, దీన్ని గోడకిచ్చి వస్తానా?

తలుపు బార్లా తీసి ఉంది. మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టారు. మిషను మీద ఎవరిదో టిఫిన్ డబ్బా.

"దీనికి తాళం వెయ్యరా?" అని కాపలాదారును అడిగాను.

"చెవి పోయిందటమ్మా. అయినా ఫ్రిజ్ ఎవడెత్తుకుపోతాడు?" అని నవ్వాడు.

మీరంతా పెట్టిన ముద్దుపేరును అతను నిజమనుకున్నాడు! ఒళ్లు మండిపోయింది. కుర్చీ లాగి, తలుపుకు తాళం వేసి, అదే కుర్చీలో అడ్డంగా కూర్చున్నాను. సూపరింటెండెంటు పరుగున వచ్చాడు.

"ఎవరమ్మా మీరు? రోగులకు రక్తం కావాలి, తియ్యండి."

"తీస్తాను. ఈ తాళంచెవి ఎవరి బాధ్యతో చెప్పండి, వాళ్ల చేతికే ఇస్తాను."

ఆయన కాపలాదారు వంక చూశాడు. అతను రక్తం కోసం వచ్చిన నర్సు వంక చూశాడు. నర్సు గోడ వంక చూసింది.

"ఆ మేకుకు తగిలించండి."

"మా ఇంట్లో చీపురు కూడా ఇంతకంటే భద్రంగా ఉంటుంది. ఎక్స్‌రే మిషను కొనాలన్న కాగితం మీ బల్ల మీదే నిద్రపోతోందట?"

"అవన్నీ మీకెందుకు? అసలు ఈ చెవి మీకెలా వచ్చింది?"

పిచ్చుకా, ఇంతసేపూ రాయలేక దాటేసింది ఇదే. నీ పేరు చెప్పాను. "నా కూతురు మరిచిపోయి జేబులో వేసుకెళ్లింది. తప్పే. పోయిందని తెలిసీ వెతకని మీదేమిటి?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. చెయ్యి చాపి తీసుకున్నాడు. రక్తం పని అయ్యేదాకా అక్కడే నిలబడి, మళ్లీ తనే తాళం వేసుకున్నాడు. "మీ అమ్మాయి సంజాయిషీ రాయాలి" అన్నాడు వెళ్తూ.

నోటీసు వస్తుంది. నా మీద కోపం వస్తే రానీ. జరిగింది జరిగినట్టు రాయి. ఫ్రిజ్ అని మాత్రం రాయకు. దాని పేరు దానికి పెట్టి రాయి.

ఇట్లు,
కోపం తీరని మీ అమ్మ