పగడానికి కత్తెర

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఫోన్లో నా గొంతు వింటే అమ్మాయి ఇట్టే కనిపెట్టేస్తుంది, అందుకే ఉత్తరం. మీరు ఆసుపత్రికి వెళ్ళిన దగ్గర్నుంచి అక్వేరియాన్ని కంటికి రెప్పలా చూస్తున్నాను. అయినా ఆరేళ్ళుగా అమ్మాయి పెంచుకుంటున్న మెత్తటి పగడం, ఆ పుట్టగొడుగులాంటిది, నాలుగు రోజులుగా వేళ్ళన్నీ ముడుచుకుని కూర్చుంది. ఒంటినిండా మైనంలాంటి పొర, అంచులు పోగులు లేచిపోతున్నాయి. ఆపరేషన్‌కు ముందు ఈ సంగతి అమ్మాయి చెవిన పడకూడదు. ఏం చెయ్యమంటావు?

మీ మామయ్య

తా.క. ముప్పై ఏళ్ళ దర్జీని. పోగులు లేచిన అంచు చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. పాత కత్తెరను మీ అత్తగారు వంటింట్లో వాడి తుప్పు పట్టించింది, ఇప్పటికీ ఒప్పుకోదు. కొత్తది మాత్రం తాళం వేసి ఉంచాను.

మామయ్యగారికి నమస్కారాలు.

కంగారు పడకండి. అది చావలేదు, పాత పొర వదులుతోంది. వారం పది రోజుల్లో మళ్ళీ విచ్చుకుంటుంది. నీళ్ళు కదిలించే మోటారును కాస్త అటు తిప్పండి చాలు. ఆపరేషన్ శుక్రవారం. మీ అమ్మాయి రోజూ లేవగానే అడిగేది ఒక్కటే, పగడం ఎలా ఉందని. బాగుందనే చెబుతున్నాను.

మీ అల్లుడు

తా.క. కత్తెర సంగతి సరదాకి రాశారనుకుంటున్నాను.

అల్లుడూ,

నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యమైంది. అంచు కాస్త సరిచేద్దామని కత్తెర పెట్టాను. ఇటు సరిచేస్తే అటు ఎక్కువైంది, అటు సరిచేస్తే ఇటు. చివరికి మొండి కాడ, ఏడు ముక్కలు మిగిలాయి. గుడ్డపేలిక కూడా పారేసే అలవాటు లేదు కదా, ఒక్కో ముక్కనూ ఒక్కో రాయికి సూదీ దారంతో కట్టి నీళ్ళలో పెట్టాను. ఒక్కటీ విచ్చుకోవడం లేదు. అమ్మాయి మొహం ఎలా చూడాలో తెలియడం లేదు, భయంగా ఉంది.

మామయ్య

తా.క. కుట్టు మాత్రం బాగా కుదిరింది.

మామయ్యగారికి,

మీ అమ్మాయి పగడం ఫొటో అడిగింది. మీకు తీయడం రాదన్నాను. అయితే అమ్మను తియ్యమంది. అత్తయ్య కళ్ళజోడు విరిగిందన్నాను. ఇప్పుడు ఆ బెంగ కూడా పట్టుకుంది. ఆపరేషన్ ఎల్లుండే.

మీ అల్లుడు

తా.క. ఇది చదవగానే చింపెయ్యండి. మీ ఉత్తరాలు ఎవరూ చూడని చోట దాచాను, మీ అమ్మాయి బట్టల సంచి అడుగున.

నాన్నా,

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ ఉదయం దువ్వెన కోసం సంచి వెతికితే నీ ఉత్తరాలు దొరికాయి. లోపలికి తీసుకెళ్తుంటే నేను నవ్వుతూనే ఉన్నాను, మత్తు ముందే ఎక్కిందేమోనని డాక్టరుగారికి అనుమానం కూడా వచ్చింది. మెత్తటి పగడం నుంచి పిల్ల పగడాలు చేసేది అలాగే నాన్నా, కోసి, రాయికి కట్టి. కాడకు కూడా మళ్ళీ తల వస్తుంది. కొన్ని నీళ్ళు మార్చి నెల్లాళ్ళు ఓపిక పట్టు. నాది కూడా స్నేహితురాలి అక్వేరియంలోంచి కోసి తెచ్చుకున్న ముక్కే.

నీ అమ్మాయి

తా.క. కోసింది నీ పాత కత్తెరతో. ఉప్పునీళ్ళకు తుప్పు పట్టింది. ఈ ముక్క అమ్మకు నువ్వే గట్టిగా చదివి వినిపించు. పాపం, కళ్ళజోడు విరిగిందట కదా.