మిలూద్ కలిపిన పొడి

మిలూద్,

ఇవాళ దుకాణం తెరవకు. పళ్లసెట్టు అంటించే పొడి డబ్బాలు ఎవరికీ ఇవ్వకు, అన్నీ మూటగట్టి పక్కన పెట్టు. మీ అమ్మను నేనూ మీ అన్నయ్యా తిలిమ్సాన్ పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం. పొద్దున మంచం మీంచి లేవలేకపోయింది.

ఆమెకు గోధుమ పడదని మన ఇంట్లో కుస్కుస్ కూడా మొక్కజొన్న రవ్వతోనే వండుతున్నాను. అయినా విరేచనాలు ఎందుకు ఆగట్లేదో ఇప్పుడు తెలిసింది. ఆమె రోజూ పళ్లసెట్టుకు రాసుకునే నీ పొడి కలిపే గదిలో మొక్కజొన్న పిండికి బదులు గోధుమ గంజిపిండి సంచి కనిపించింది. "ఏ పిండైతేనేం వదినా, చిగుళ్లకు అంటుకుంటే చాలదా?" అని నువ్వు అన్నది దీని గురించేనా? అంటుకున్నది కరిగి కడుపులోకే పోతుంది కదయ్యా.

నువ్వు కావాలని చేయలేదని తెలుసు. అంత నీరసంలోనూ ఆమె "ఆసుపత్రి సంచిలో మా మిలూద్ పొడి పెట్టావా?" అని అడిగింది. పెట్టానని అబద్ధం చెప్పాను. చిక్కుళ్ల పులుసు పొయ్యి మీద ఉంది, తిను.

జులైఖా వదిన

కింది వాటా యమీనా టీచరమ్మ కూడా గోధుమ ముట్టదు. ఆవిడకూ నువ్వే డబ్బా ఇచ్చావు. ఇప్పుడే వెళ్లి తలుపు కొట్టాను. లోపల రేడియో మోగుతోంది, ఆవిడ మాత్రం పలకలేదు. మీ అమ్మను పెట్టుకుని మేం ఆగలేం, ఈ చీటీ చదవగానే తలుపు పగలగొట్టించు.