కాలిపోయిన ఇళ్ల పేర్లు

మంగళవారం, టూంగాబీ

మా పెద్దమ్మాయి చనిపోయి ఏడాది దాటింది. యూనివర్సిటీ చదువు కోసం అది అట్టతో చేసిన ఫ్రాంక్‌ఫర్ట్ ఊరి పాత చౌక్ నమూనా ఇంకా హాల్లోనే ఉంది. ఈరోజు చిన్నది ఏడో నెల కడుపుతో దాని పక్కన కూర్చుని, "అమ్మా, పాప పుడితే అక్క పేరే పెడతా" అంది.

"అర్ధాంతరంగా పోయినవాళ్ల పేరు పెట్టకూడదే. ఆ మాట మళ్లీ అనకు" అన్నాను.

అది వింటేగా. చెక్క దూలాలు ఐమూలగా గీసిన ఆ కోసు కప్పుల ఇళ్లు చూపించింది.

"ఇవన్నీ యుద్ధంలో బాంబులకి కాలిపోయాయి. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అలాగే కట్టారు. ఒక్కో ఇంటికీ ఒక పేరుండేదంట, ఆ పాత పేర్లే పెట్టుకున్నారు. అక్కే చెప్పింది. వాళ్లెవరూ భయపడలేదు కదమ్మా."

"ఇళ్లకేముందే, ప్రాణమా పాడా?"

"లోపల మనుషులు పడుకుంటారుగా" అంది.

అది క్వేకర్స్ హిల్‌లో వాళ్లింటికి వెళ్లిపోయింది. వద్దని ఫోన్ చేద్దామనుకున్నాను, చెయ్యలేకపోయాను. పేరు పెడితే ఆ బిడ్డకి ఏమవుతుందోనని భయం. వద్దంటే ఈ ఇంట్లో ఆ పేరు ఇంకెవరూ పిలవరు. ఏ భయం పెద్దదో నాకు తెలియడం లేదు.