కత్తెరకి ఒక పొడుగాటి ఉత్తరం

12 ఆగస్టు, మంగళవారం
ఆసుపత్రి కంప్యూటర్ గది

ఒరేయ్ కత్తెరా,

ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, మన ముసలి సర్వరూ ముగ్గురం మూలుగుతూనే అయినా కులాసాగా ఉన్నాం. నువ్వూ, నీ రక్తపోటూ, నీ ఎర్ర పెన్నూ అంతకంటే బాగున్నారని తలుస్తాను. మీ చెల్లెలు అడ్రసు ఇచ్చింది. ఇస్తూ, రాసేదేదో పొట్టిగా రాయండన్నయ్యా, మా అన్నయ్య మీ పేరు చూడగానే చింపేస్తాడో ఏమో, మొదటి నాలుగు వరుసల్లోనే సంగతి చెప్పెయ్యండి అంది. మీ ఇంట్లో అందరూ ఇంతేనట్రా?

సంగతి ఇది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చి రెండేళ్ళు దాటింది. ఫోను చేస్తే ఎత్తవు. నాకు నీ జవాబు కావాలి. ఒక్క వరుస చాలు. తిట్టినా సరే. నీ తిట్లు రెండు మాటల్లో అయిపోతాయి కనక చదువుకోవడానికి హాయిగా ఉంటాయి. సంగతి చెప్పేశాను. ఇక నా పద్ధతిలో నన్ను రాసుకోనీ.

నీ కుర్చీలో ఇప్పుడొకావిడ కూర్చుంటోంది. నలభై దాటి ఉంటాయి, ఇద్దరు పిల్లలు, చేతిలో పని మంచిది. వచ్చిన మూడో రోజు ల్యాబు ప్రోగ్రాములో నువ్వు రాసిపెట్టిన నోటు ఒకటి పైకి చదివింది. ఈ వరుస పనికిరానిదిలా కనిపిస్తుంది, తీసేయకండి, నేనొకసారి తీశాను, ఆ రోజు రక్తం గ్రూపులు ఖాళీగా అచ్చయ్యాయి. అదే కదూ నువ్వు రాసింది? ఎవరండీ ఈయన, పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చెప్తున్నట్టుంది అందావిడ. నేను దగ్గు వచ్చినట్టు నటించి వరండాలోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆ కింద నేను రాసిన నోటు చదువుతోంది, ముప్ఫై రెండు వరుసలది. మరి ఈ కథ చెప్పినాయన ఎవరండీ, పోయారా అంది. లేదమ్మా, నీ ఎదురుగానే నిలబడ్డాను అన్నాను. పాపం, మధ్యాహ్నం దాకా నా మొహం చూడలేదు.

అసలు నాకు పొట్టిగా రాయడం ఎక్కడ అబ్బుతుంది చెప్పు? నేను చదువుకున్నది రేడియో రిపేరు కొట్లో. బాగుకి వచ్చిన ప్రతి రేడియోకీ ఏం పోయిందో ఒక చీటీ రాసి కట్టాలి. నేను రాసిన మొట్టమొదటి చీటీ రెండు వైపులా నిండింది. ఆ రేడియో గలాయన భార్యతో గొడవపడి దాన్ని నేలకేసి కొట్టడం, ఆవిడ పుట్టింటికి పోవడం, పాటలు లేక ఆయన బెంగపెట్టుకోవడం అన్నీ రాశాను. యజమాని అంతా చదివి, అదంతా వాళ్ళ సంసారంరా, స్పీకరు పోయిందా లేదా అది చెప్పు అన్నాడు. ప్రోగ్రాములు రాయడం కూడా ఆ కొట్లోనే, ఎవరో పారేసిన పుస్తకం చూసి నేర్చుకున్నాను. దానికి మొదటి ఇరవై పేజీలు లేవు. అందుకే నీకు దేనికీ మొదలు తెలియదు అని నువ్వు ఆటపట్టించేవాడివి.

ఏం చెప్తున్నాను? ఆఁ, నీ నోట్లు. ప్రోగ్రాములో ఏది మార్చినా, ఏం మార్చామో ఎందుకు మార్చామో ఒక ముక్క రాసి పెట్టాలి కదా. నీవి పదకొండు వందల నలభై ఉన్నాయి. లెక్కపెట్టాను. రోజుకి నాలుగే చదువుతున్నాను, ఎక్కువ చదివితే అయిపోతాయని. ఇవాళ్టి వాటిలో ఒకటి చూడు. పేషంటు వయసు నూట తొంభై అని కొట్టినా ప్రోగ్రాము ఒప్పుకునేది, ఇక ఒప్పుకోదు. ఇంకొకటి. నిన్నటి మార్పు తప్పు, వెనక్కి తీశాను, తప్పు నాదే. అంతే, ఒక్క మాట ఎక్కువ లేదు. అయినా చదువుతుంటే నీ గొంతు వినిపిస్తుంది, ఆ మాట అంటూ నువ్వు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టడం కూడా కనిపిస్తుంది. నేను రాసిన వాటిలో అన్నీ ఉంటాయి కానీ నేనే కనిపించను. ఈ చిత్రం ఏమిటో ఇంతవరకూ నాకు బోధపడలేదు.

మన వాచ్‌మన్ రిటైరయ్యాడు. వెళ్ళే ముందు నా దగ్గరికొచ్చి, ఇప్పుడు మీ కాగితాలు ఎవరు వింటున్నారు సారూ అని అడిగాడు. ప్రోగ్రాము ఎలా వాడాలో నేనేది రాసినా నువ్వు సగం కొట్టేయడం, మిగిలింది గేటు దగ్గరికి తీసుకెళ్ళి అతనికి చదివి వినిపించడం, ఇప్పుడు మీరేం చేస్తారో మీరే చెప్పండి అని అడగడం, అతను సరిగ్గా చెప్తేనే వార్డులకి పంపడం. పాతికేళ్ళు నడిచిందిరా ఆ పద్ధతి. డాక్టర్లు నవ్వేవాళ్ళు. ఒకసారి అతను, సారూ ఇందులో నాకు అర్థం కానిది ఒక్కటే, మీరు ఇది ఎందుకు రాశారు అన్నాడు. నువ్వు గేటు పట్టుకుని నవ్వావు. నేను రెండు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు.

ఆ ఒక్క కాగితమే గేటు దాకా వెళ్ళలేదు. ల్యాబు రిపోర్టులన్నీ పాత సర్వరు నుంచి కొత్తదానికి మార్చడం ఎలాగో నేను రాసింది. ముందు రోజే మీటింగులో అందరి ముందూ నా కాగితం ఒకటి తీసుకుని రెండు పేజీలు అడ్డంగా కొట్టేశావు. ఇది ఉద్యోగం, పురాణం గారూ, మీ జీవిత చరిత్ర కాదు అన్నావు. అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. దాంతో ఆ మర్నాటి కాగితం నీ ఎర్ర పెన్నుకి చూపించకుండా, రాసింది రాసినట్టు ప్రింటు తీసి నీ బల్ల మీద పెట్టేశాను.

తర్వాతది నీకు తెలిసిందే. మార్చే ముందు రిపోర్టులు కాపీ తీసి పెట్టుకోవాలి. నువ్వు తీయలేదు. ప్రోగ్రాము నడిపించావు, మూడు రోజుల రిపోర్టులు తుడిచిపెట్టుకుపోయాయి. రెండు వందల అరవై మందిని పిలిపించి మళ్ళీ రక్తం తీశారు. ఆ మధ్యాహ్నమే మన సూపరింటెండెంటు, ముందు కాపీ తీయమని మొదటి వరుసలోనే ఉంటే కళ్ళు ఏమయ్యాయండీ అని అందరి ముందూ నిన్ను అడిగాడు. ఆ వారమే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయావు. ఇప్పుడేదో నీటి పంపుల కంపెనీలో, పంపు ఎలా వాడాలో చెప్పే కాగితాలు రాస్తున్నావని మీ చెల్లెలు చెప్పింది. ఆ పంపులు కొనుక్కున్నవాళ్ళు అదృష్టవంతులు.

ఇక్కడ మాత్రం నేనేం రాసినా ఎవరూ కొట్టేయరు. బాగుందండీ అంటారు. నా వయసుకి ఇచ్చే మర్యాద అది. ఎర్ర పెన్ను ఒకటి కొనుక్కుని నాది నేనే దిద్దుకుందామని కూర్చున్నాను. ప్రతి వాక్యమూ ముద్దుగానే కనిపించింది. మూత పెట్టేశాను.

ఎండ మారింది, కిటికీ మూయాలి. ఒంటికి జాగ్రత్త. మాత్రలు మానకు.

నీ కోత కోసం మొహం వాచిన
పురాణం

తా.క. ఇది రాయడానికే ఉత్తరం మొదలుపెట్టాను. ఆ రోజు నువ్వు ప్రోగ్రాము నడిపింది పదీ పావుకి. అప్పటికి కాపీ తీయాలన్న మాట నా కాగితంలో నాలుగో పేజీ అడుగున ఉంది. పదకొండున్నరకి నేను కంప్యూటర్లో దాన్ని మొదటి వరుసకి మార్చి, పాత ఫైలు మీదే సేవ్ చేశాను. పన్నెండింటికి సూపరింటెండెంటు అడిగితే, మొదటి నుంచీ అక్కడే ఉందన్నాను. నేను ముందిచ్చిన ప్రింటు అప్పుడు నీ చేతిలోనే ఉంది. నా మొహంలోకి చూశావు. మడిచి జేబులో పెట్టుకున్నావు.

నిన్న ఇదంతా రాసి, సంతకం పెట్టి సూపరింటెండెంటుకి ఇచ్చాను. ఆయన నమ్మలేదు. స్నేహం కొద్దీ వెళ్ళిపోయినాయన తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు, వెళ్ళి టీ తాగండి అన్నాడు. ఆ ప్రింటు ఉంటే పంపించు, ఆయన బల్ల మీద పెడతాను. పారేసి ఉంటే పారేశానని రాయి. నీ జవాబు వచ్చేదాకా మాత్రం ఆగను, రేపు పొద్దున పదింటికి మళ్ళీ ఆయన గదికి వెళ్తున్నాను.