మంట మీద డప్పు

సత్వా, దుబాయ్.

అక్కా, నీకూ బావకూ గంగారాం దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా ఎట్లా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడి ఎండకు ఇనుప చువ్వ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. తిండికి లోటు లేదు, పప్పు మాత్రం నువ్వు చేసినట్టు కుదరదు. నా గురించి రంది పెట్టుకోకు.

మా మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, మా గదికి పాత టీవీ ఇచ్చాడు. అందులో వారానికోసారి సిరియా దేశపు నాటకం వస్తుంది. పడుచు పిల్లలు, వాళ్ల ఊరి ఆచారాలు, పాతకాలం పాటలు. అరబ్బీ ఎవరికీ అర్థం కాదు కనుక నేనే కథ కల్పించి చెబుతాను. నా నోటి సంగతి నీకు తెలుసు గదా, గదంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

మొన్న అందులో పెండ్లి. ఒక కుర్రాడు గుండ్రటి తోలు వాయిద్యాన్ని మంట మీద కాపుతున్నాడు. అచ్చం మన డప్పే. మన ఊరి రాజవ్వ కొడుకు మల్లయ్య నా పక్కనే కూర్చున్నాడు. రోజూ సాయంత్రం నూనె డబ్బా మీద దరువు వేసేవాడు. నా నాలుక ఊరుకోలేదు.

"సూడుండ్రి, వీనికి నౌకరి దొరికిందట! ఇంక ఈ తోలు కంపు నాకెందుకని వాళ్లయ్య వాయించిన డప్పు కాలబెడుతుండు. ఏం మల్లిగా, నువ్వు గూడ కాలబెట్టే ఇమానమెక్కినవా?"

అందరూ నవ్వారు. మల్లయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే లేచి బయటికి వెళ్లాడు. అంతలో టీవీలో ఆ కుర్రాడు కాగిన వాయిద్యం మోగించాడు. అప్పుడు గానీ పెండ్లివారు కదలలేదు. ముసలివాళ్లు పక్కకు జరిగి అతనికి దారిచ్చారు. ఇక చెప్పడానికి నా దగ్గర కథ లేదు.

మరునాడే మల్లయ్య మంచం పక్క గదికి మార్చుకున్నాడు. దరువు ఖలాస్. వెళ్లి, "తప్పయిందిరా" అన్నాను.

"డప్పు ఎందుకు కాపుతరో నీకు ఎరుకలేదా అన్నా?"

"ఎరికే."

"ఎరుకలేక అన్నవంటె నేను గూడ మనసార నవ్వుదును."

వాడన్నది నిజమే అక్కా. నీ పెండ్లిలో మల్లయ్య వాళ్ల అయ్య డప్పు తోలు బిగిసేలా కాగేదాకా నాయన ఎదుర్కోలుకు అడుగు వేయలేదు. ఆ మంటలో చొప్ప వేసింది నేనే.

మల్లయ్య ఉత్తరాలు నేనే రాసిపెట్టేవాణ్ణి. ఇప్పుడు రాయించుకోవడం లేదు. రాజవ్వ ఎదురు చూస్తుంటుంది.

పెద్దలందరికీ నా దండాలు. ఈసారి దీవించమని అడగను, తిట్టి రాయి. కానీ ముందు రాజవ్వకు కొడుకు క్షేమంగా ఉన్నాడని చెప్పు. నేనన్న మాట కూడా దాచకు. ఆమెను మన వాకిట్లోకి పిలిపించి చెప్పకు. నువ్వే వాళ్లింటికి పో. లోపల కూర్చుని చెప్పు. నీళ్లిస్తే తాగిరా.

నీ తమ్ముడు
గంగారాం